సిబిల్ వల్ల లోన్ ఆగిందా? రిపోర్ట్‌లో ఎక్కడ చూడాల, ఏం చెయ్యాల

బ్యాంకుకి పోతే "సిబిల్ లేదు సార్" అని ఒక్క మాటతో పంపించేస్తారు, ఎందుకు లేదో చెప్పరు. సిబిల్ అంటే మనం అప్పులు కట్టిన తీరు చూసి ఇచ్చే స్కోర్, ఆ ఎందుకు అనేది మన అప్పుల చరిత్ర రాసుండే క్రెడిట్ రిపోర్ట్‌లోనే ఉంటాది. సిబిల్, ఎక్స్‌పీరియన్, ఈక్విఫాక్స్, క్రిఫ్ హైమార్క్ ఈ రిపోర్ట్ తయారుచేసే నాలుగు కంపెనీలూ ఏడాదికి ఒకసారి పూర్తి రిపోర్ట్ ఫ్రీగా ఇవ్వాల్సిందే. మనది మనం చూసుకుంటే స్కోర్ తగ్గదు, ఆ భయం వద్దు.

సమస్య: శ్రీసిటీలో ఉద్యోగానికి కొత్తగా చేరిన పిల్లోడికి బైక్ లోన్ రాలా, స్కోర్ దగ్గర మైనస్ 1 అని ఉంది.
కారణం: ఇంతవరకు అప్పే తీసుకోలేదు, అంతే.
పరిష్కారం: జీతం పడే బ్యాంకులోనే అడగండి, లేదంటే చిన్న ఎఫ్‌డీ వేసి దానిమీద క్రెడిట్ కార్డు తీసుకుని నెలనెలా మొత్తం బిల్లు కట్టండి. కోపంతో ఒకేసారి నాలుగు యాప్‌లలో అప్లై చెయ్యొద్దు, అవన్నీ రిపోర్ట్‌లో ఎంక్వైరీలుగా, అంటే అప్పు కోసం తిరిగినట్టుగా ఎక్కుతాయి.

సమస్య: తిరుచానూరు పక్క ఇల్లు కొందామనుకుంటే హోమ్ లోన్ ఆపేశారు, పాత కార్డు బాకీ ఎప్పుడో కట్టేసినా అంటారు.
కారణం: రిపోర్ట్‌లో క్లోజ్డ్ అని కాకుండా సెటిల్డ్ అని ఉంటాది. ఫోన్ చేసి "సగం కట్టండి చాలు, అయిపోతుంది" అన్నారు చూడండి, అదే ఇది, మిగతా సగం వదిలేసినట్టు రాసుకుంటారు.
పరిష్కారం: మిగిలిన బాకీ ఎంతో బ్యాంకుని రాతపూర్వకంగా అడిగి, కట్టి, బాకీ ఏం లేదని రాసిచ్చే నో డ్యూస్ లెటర్ తీసుకుని క్లోజ్డ్‌గా మార్చమనండి. అయినా లేటుగా కట్టిన నెలలు వెంటనే పోవు, సిబిల్‌లో 36 నెలల దాకా చరిత్ర కనపడతాది, అందుకే ఇల్లు అనుకున్న రోజు కాదు, రెండు మూడేళ్ళ ముందే చూసుకోవాల.

సమస్య: నాది కాని లోన్ నా రిపోర్ట్‌లో ఉంది.
కారణం: బామ్మర్దికి ష్యూరిటీ సంతకం పెట్టుంటారు, కొడుకు చదువు లోన్‌లో కో అప్లికెంట్‌గా ఉంటారు, వాడు ఈఎంఐ తప్పితే రిటైరైన నాన్న స్కోర్ కూడా పడతాది. ఇవేవీ కాకపోతే పేరు కలిసిపోయుండొచ్చు, మన తిరుపతిలో వీధికి ఎంతమంది వెంకటేశ్‌లు, మునిరత్నాలు ఉంటారో మీకే తెలుసు. లేదా ఎవరో మీ పాన్ జిరాక్స్ వాడేశారు, ఇదే అన్నిటికంటే ప్రమాదం.
పరిష్కారం: రిపోర్ట్ ఇచ్చిన కంపెనీ సైట్‌లోనే డిస్ప్యూట్, అంటే ఇది తప్పని ఫిర్యాదు పెట్టండి, ఫ్రీ, "సిబిల్ క్లియర్ చేస్తాం" అనే ఏజెంట్లకి ఒక్క రూపాయి ఇవ్వొద్దు. 30 రోజుల్లో తేల్చాల, దాటితే రోజుకి 100 రూపాయలు మీకు కట్టాలని ఆర్బీఐ రూల్, 2024 ఏప్రిల్ నుంచి ఉంది. అప్పటికీ కదలకపోతే ఇలాంటి ఫిర్యాదులు వినే ఆర్బీఐ అంబుడ్స్‌మన్‌కి ఆన్‌లైన్‌లో కంప్లైంట్ ఇవ్వండి. మోసం అయితే ముందు సైబర్ మోసాల హెల్ప్‌లైన్ 1930కి ఫోన్, ఆ తర్వాత పోలీస్ కంప్లైంట్ కాపీ డిస్ప్యూట్‌కి జత చెయ్యండి.

సమస్య: హోమ్ లోన్ మొత్తం తీరింది, రిపోర్ట్‌లో ఇంకా నడుస్తానే ఉంది.
కారణం: బ్యాంకు అప్‌డేట్ పంపలేదు.
పరిష్కారం: నో డ్యూస్ లెటర్‌తో డిస్ప్యూట్ పెట్టండి. ఆ చేత్తోనే ఇంటి పత్రాలు కూడా అడగండి, తీరిన 30 రోజుల్లో తిరిగివ్వాల, బ్యాంకు వల్ల లేటయితే రోజుకి 5000 రూపాయలు మీకు రావాల.