ఓడలో మందుగుండుకు వేడి తగలకుండా

మందుగుండుకు నేరుగా నిప్పంటుకోనక్కర్లేదు. పక్క గదిలో మంట రేగి, మధ్యనున్న ఉక్కు గోడ కాగితే చాలు. లోపలి పదార్థం ఒక స్థాయి దాటి వేడెక్కాక, విచ్ఛిన్నమవుతూ తనే ఇంకా వేడి పుట్టించుకుంటుంది, చివరికి పేలుతుంది. దీన్నే కుక్-ఆఫ్ అంటారు.

పేలేలోపు దొరికే వ్యవధి ఎంత తక్కువో 1967 జులై 29న తెలిసింది. అమెరికా విమానవాహక నౌక ఫారెస్టల్ మీద విద్యుత్ లోపంతో ఒక విమానానికి తగిలించిన జూనీ రకం రాకెట్ దూసుకెళ్లి ఎదురుగా ఉన్న విమానం ఇంధన ట్యాంకును చీల్చింది. మంట రేగిన ఒకటిన్నర నిమిషానికే మొదటి బాంబు పేలింది. ముందుగా పరుగెత్తుకొచ్చిన అగ్నిమాపక సిబ్బందిలో చాలామంది అక్కడే పోయారు. మొత్తం మృతులు 134 మంది. రాకెట్ విద్యుత్ ప్లగ్గును విమానం ఎగరడానికి సిద్ధమై క్యాటపల్ట్ (విమానాన్ని ఓడ మీంచి వేగంగా విసిరే యంత్రం) మీదికి చేరాకే కలపాలి. తొందరలో ముందే కలపడం ఆ ప్రమాదానికి ఒక కారణం.

నిల్వ గదిని బాయిలర్లకు, ఆవిరి గొట్టాలకు ఆనించి పెట్టకూడదు. గరిష్ఠ, కనిష్ఠ ఉష్ణోగ్రతలు రోజూ రాయాలి. ముఖ్యంగా నైట్రోసెల్యులోజ్ ప్రొపెల్లెంట్‌ను (గుండును ముందుకు తోసే మందును) కనిపెట్టుకుని ఉండాలి: దాన్ని నిలకడగా ఉంచే డైఫినైలమైన్ వంటి స్టెబిలైజర్ వేడికి త్వరగా తరిగిపోతుంది. అది అయిపోతే బయటి నిప్పుతో పని లేకుండానే అంటుకోవచ్చు. కాబట్టి వేడి తగిలిన లాట్ (ఒకే విడతలో తయారైన సరుకు) నంబర్లను విడిగా గుర్తించి, పరీక్షకు పంపాలి.

గోడకు అవతలి వైపు వెల్డింగ్ చేయాల్సి వస్తే ముందు ఆ గదిలోని మందుగుండు తరలించాలి. పని అయ్యాక కూడా కనీసం అరగంట కాపలా ఉండాలి. ఇవతలి వైపు పెయింటు ఆలస్యంగా రాజుకుంటుంది.

తలుపులు తెరిచి ఉంచడం పాత జబ్బు. 1916 మే 31న జట్లాండ్ యుద్ధంలో మూడు బ్రిటిష్ బ్యాటిల్‌క్రూజర్లు (పెద్ద యుద్ధనౌకలు) పేలిపోవడానికి, వేగంగా కాల్చాలని కార్డైట్ అనే ఫిరంగి మందు సంచులు బయట పోగేసి తలుపులు తీసి ఉంచడం ఒక పెద్ద కారణం. అప్పటికి కావలసినన్నే బయటికి తీయాలి.

ఈ గదుల్లో మంట ఆర్పడానికి కార్బన్ డయాక్సైడ్‌ను నమ్ముకోకూడదు. ప్రొపెల్లెంట్‌కు గాలి అక్కర్లేదు, ఆక్సిజన్ దానిలోనే ఉంది. వేడి దించగలిగేది నీరే. అమెరికన్ ఓడల స్ప్రింక్లర్లలో (నీళ్లు చిమ్మే ఏర్పాట్లలో) వేడి పసిగట్టే పరికరం సుమారు 71 డిగ్రీల వద్ద గాని, ఉష్ణోగ్రత ఒక్కసారిగా పెరిగినప్పుడు గాని వాల్వ్ తెరిపిస్తుంది. నాజిళ్లు ఉప్పు పేరుకుని మూసుకుపోతాయి, విప్పి చూడాలి. ఒకసారి పొరపాటున మందుగుండు తడిసిందని వాల్వ్ మూసేసి ఉంచే అలవాటు మరీ ప్రమాదం.

బాంబుల మీది వేడి నిరోధక పూత పెచ్చులూడితే వెనక్కి పంపాలి, ఆ ఖాళీ చోటు నుంచే వేడి లోపలికి వెళుతుంది.

మంట వస్తే మందుగుండు మీద, చుట్టూ గోడల మీద దూరం నుంచి నీళ్లు ఆపకుండా కొట్టాలి. ఇంధన మంట మీద నురగ పరిచాక దాని మీద నీళ్లు కొట్టకూడదు. ఫారెస్టల్ మీద అలా చేస్తే నురగ కొట్టుకుపోయి మంట మళ్లీ లేచింది. మంట ఆరిందని గొట్టం దించొద్దు. తొడుగు చల్లబడినా లోపలి పదార్థం చాలాసేపు వేడిగానే ఉంటుంది, నిపుణులు వచ్చి చూసేదాకా ఎవరూ దాన్ని కదిలించకూడదు.