చిన్న ట్రస్టుకి డబ్బులు ఎవర్ని అడగాలి, ఎలా అడగాలి

ట్రస్టు రిజిస్టర్ అయిన మర్నాడే అందరూ చేసేది అమెరికాలో ఉన్న చుట్టాలకి వాట్సాప్ పెట్టడం, మేమూ అదే చేశాం. మా ఊళ్ళో సాయంత్రం ట్యూషన్ సెంటర్ నడుపుతాం, డల్లాస్ బాబాయ్ లక్ష పంపుతానన్నారు, అకౌంట్ నంబర్ టైప్ చేస్తుంటే ఆడిటర్ గారు ఆపి "ముందు పాస్‌పోర్ట్ సంగతి కనుక్కో" అన్నారు. "బాబాయ్, మీది ఇంకా ఇండియన్ పాస్‌పోర్టేనా?" "లేదురా, సిటిజన్‌షిప్ వచ్చి ఆరేళ్లయింది." అంతే, లక్ష హుష్.

విషయం ఏంటంటే అమెరికా సిటిజన్ అయ్యాక ఓసిఐ కార్డు (విదేశీ పౌరులైన మనవాళ్లకి ఇండియా ఇచ్చే కార్డు) ఉన్నా సరే ఆయనిచ్చేది విదేశీ విరాళమే, ఎఫ్‌సిఆర్‌ఏ, అంటే విదేశీ విరాళాల చట్టం కింద రిజిస్ట్రేషన్ గానీ ముందస్తు అనుమతి గానీ లేకుండా ముట్టుకోకూడదు, రిజిస్ట్రేషన్‌కేమో మూడేళ్ల పని, ఆ మూడేళ్లలో 15 లక్షల ఖర్చు చూపించాలి. అదే హెచ్1బి మీదో గ్రీన్ కార్డు మీదో ఉండి ఇండియన్ పాస్‌పోర్టే ఉన్నవాళ్లు సొంత సంపాదన బ్యాంకు ద్వారా పంపితే ఏ గొడవా లేదు. పాస్‌పోర్ట్ కాపీ ఒకటి ఫైల్లో పెట్టుకోండి చాలు.

సరే, మరి డబ్బులెక్కడ? ఊళ్ళోనే అండి. పదో తరగతి బ్యాచ్ గ్రూపు, మెడికల్ షాపాయన, రిటైరైన టీచర్లు. "ఏదైనా సాయం చేయండి" అంటే ఎవరూ ఇవ్వరు, "ఒక పిల్లాడికి నోట్‌బుక్కులు, సాయంత్రం గుగ్గిళ్లు కలిపి నెలకి 400 అవుతుంది" అని చెప్పండి, అప్పుడు చెయ్యి జేబులోకి వెళ్తుంది. పుట్టినరోజులు సరే, వాళ్ల నాన్నగారి సంవత్సరీకం తేదీ రాసిపెట్టుకుని వారం ముందు ఫోన్ చేస్తే ఏటా ఇస్తారు, మాకు ఎక్కువ వచ్చేది అలాగే.

ఇన్‌కం ట్యాక్స్ వాళ్ల దగ్గర 12ఏబి (ట్రస్టు ఆదాయానికి పన్ను మినహాయింపు), 80జి (విరాళం ఇచ్చినవాళ్లకి పన్ను మినహాయింపు) రెండూ తెచ్చుకోండి, కానీ 80జి చూపించి అడగడం మీద మరీ ఆశ పెట్టుకోవద్దు, కొత్త ట్యాక్స్ రెజీమ్‌లో ఉన్నవాళ్లకి ఆ మినహాయింపే లేదు. పాత దాంట్లో ఉన్నవాళ్లకైనా 2000 దాటి క్యాష్ ఇస్తే రాదు, యూపీఐ చేయమనండి. రసీదు రాసేటప్పుడే పాన్ నంబర్ అడిగేయండి. మేం అడగలేదు, మే 31 లోపు 10బిడి ఫారం, అంటే విరాళాలు ఎవరెవరిచ్చారో ఇన్‌కం ట్యాక్స్‌కి చెప్పే లిస్టు, వేయాలని తెలిసి ఎర్రటి ఎండలో ఇల్లిల్లూ తిరిగాం, లేటైతే రోజుకి 200 ఫైన్ మరి.

సీఎస్‌ఆర్, అంటే కంపెనీలు చట్టప్రకారం సమాజసేవకి ఖర్చుపెట్టే డబ్బు, దానికి మాత్రం తొందరపడొద్దు. కంపెనీ నేరుగా మీకిచ్చి పని చేయించాలంటే మూడేళ్ల అనుభవం, 12ఏబి, 80జి, పైన సీఎస్‌ఆర్-1 ఫారం (సీఎస్‌ఆర్ పనులకి ట్రస్టు రిజిస్టర్ చేసుకునే ఫారం) నంబర్ ఉండాలి. ఇవన్నీ ఉన్నా హైదరాబాద్ పెద్ద కంపెనీలకి మెయిల్స్ కొట్టడం దండగ, చుట్టుపక్కల ఊళ్ళకే ముందు ఖర్చు పెట్టాలని చట్టంలోనే ఉంది కాబట్టి మీ మండలంలో ఉన్న ఫ్యాక్టరీకి వెళ్ళండి, హెచ్‌ఆర్ వాళ్లని కలిసి ఒక సాయంత్రం సెంటర్‌కి రమ్మనండి, వచ్చేది ఆరున్నరకైతే బెటర్, పిల్లలు అప్పటికి గుగ్గిళ్లు తినేసి చదువుకుంటుంటారు.