వెనక బ్రేకు అరుస్తోందా? ప్యాడ్లు మార్చే ముందు పిన్ను కదులుతోందో లేదో చూడండి

మా ఇంటి బండి ఏడు సీట్ల ఎస్‌యూవీ. కుడి వెనక చక్రం దగ్గర కీచుమనే శబ్దం మొదలైతే ఒక గ్యారేజీలో ఇచ్చాను. ప్యాడ్లు మార్చారు, శబ్దం పోయింది. ఏడు నెలలు తిరక్కుండానే మళ్ళీ అదే చక్రం, అదే శబ్దం. ఈసారి నేనే విప్పాను. లోపలి ప్యాడు ఇనుప రేకు దాకా అరిగిపోయి, డిస్కు మీద గ్రామఫోను రికార్డు లాంటి గీతలు పడ్డాయి. బయటి ప్యాడు మాత్రం నిన్న బిగించినట్టుంది. ప్యాడు నాసిరకమైతే రెండూ అరగాలి కదా! తప్పు ప్యాడుది కాదు, ప్యాడ్లను డిస్కుకు నొక్కే కాలిపర్‌ను జరగనివ్వని పిన్నుది.

వెనక డిస్కు బ్రేకుల్లో ఎక్కువగా ఉండేది ఒకే పిస్టన్ ఉన్న కాలిపర్. ఆ పిస్టన్ లోపలి ప్యాడును డిస్కుకు నొక్కుతుంది. ఆ తోపుకు కాలిపర్ మొత్తం రెండు పిన్నుల మీద లోపలి వైపు జరిగి, బయటి ప్యాడును లాక్కొచ్చి డిస్కు రెండో ముఖానికి నొక్కుతుంది. పిన్ను బిగుసుకుంటే ఈ జరుగుడు ఆగిపోతుంది. పని మొత్తం లోపలి ప్యాడు మీద పడుతుంది, తొక్కుడు వదిలాక కూడా అది డిస్కును రాసుకుంటూనే ఉంటుంది.

ఒక మాట ముందే చెప్పాలి. మన దగ్గర అమ్ముడయ్యే చాలా ఎస్‌యూవీల్లో వెనక డ్రమ్ము బ్రేకులే ఉంటాయి. చక్రం సందుల్లోంచి చూస్తే మెరిసే పళ్ళెం, అంటే డిస్కు, కనిపిస్తేనే ఇక్కడ రాసింది మీకు పనికొస్తుంది.

బ్రేకు తొక్కకపోయినా కీచుమంటోంది

మట్టిరోడ్డు మీద తిరిగి వచ్చిన రోజునే మొదలైతే కంగారు పడకండి. డిస్కుకూ దాని వెనక ఉండే పల్చటి రేకు కవచానికీ మధ్య చిన్న కంకరరాయి ఇరుక్కుని ఉంటుంది. నెమ్మదిగా కొంచెం ముందుకూ వెనక్కూ నడిపితే చాలాసార్లు దానంతటదే రాలిపోతుంది. రాలకపోతే చక్రం విప్పి, రేకును వేలితో కాస్త ఎడం చేస్తే చాలు. ఇంత చిన్న పనికి ప్యాడ్లు మార్పించుకున్నవాళ్ళను చూశాను.

రోజురోజుకూ పెరుగుతూ, బ్రేకు తొక్కగానే ఆగిపోయే లేదా స్వరం మారే కీచుడు వేరు. ప్యాడు అంచున ఉండే చిన్న ఇనుప నాలుక డిస్కుకు తగులుతోందని అర్థం. ప్యాడు సుమారు 2-3 మిల్లీమీటర్లకు వచ్చినప్పుడు అలా అరిచేలా దాన్ని కావాలనే పెడతారు. ఈ దశలో మారిస్తే డిస్కు బతికిపోవచ్చు.

తొక్కినప్పుడు మాత్రమే కీచుమంటోంది

వాన రాత్రి తరవాతో, బండి కడిగాకో అయితే అది డిస్కు మీది పైపై తుప్పు. నాలుగైదు బ్రేకులతో పోతుంది. విశాఖ లాంటి సముద్రతీరంలో ఇది ఇంకా ఎక్కువ. వారం తరవాత కూడా పోకపోతే ప్యాడు ముఖం వేడికి గాజులా నున్నబడి ఉండవచ్చు, లేదా ప్యాడు వెనక ఉండాల్సిన పల్చటి రేకు గత రిపేరులో పెట్టకుండా వదిలేసి ఉండవచ్చు. రెండోది నేను అనుకున్నదానికంటే ఎక్కువగా జరుగుతుంది.

గరగరమంటోంది

ఇనుము ఇనుమును కోస్తోంది. బండి ఆపండి. ప్యాడ్లతో పాటు డిస్కులు కూడా మార్చాల్సి రావచ్చు. డిస్కు మీద ఎక్కడో ఒకచోట కనిష్ఠ మందం చెక్కి ఉంటుంది. మా డిస్కు మీద 8.4 మిల్లీమీటర్లు అని ఉంది, కొలిస్తే 8.1 వచ్చింది. కొలిచేటప్పుడు వెర్నియర్‌ను నమ్మకండి. ప్యాడు తగలని అంచున మిగిలిపోయిన గట్టు మీద దాని దవడలు కూర్చుని ఎక్కువ చూపిస్తాయి. మైక్రోమీటరుతో గట్టుకు లోపలి వైపు, నాలుగైదు చోట్ల కొలవాలి.

ఒక చక్రం మాత్రం కాలిపోతోంది, మాడు వాసన

తిరుమల ఘాట్‌లో బ్రేకు మీదే కిందికి దిగితే నాలుగు చక్రాలూ మాడు వాసన కొడతాయి. అది గేరు తగ్గించకపోవడం వల్ల వచ్చిన వేడి, రిపేరు కాదు. సమతలం మీద, బ్రేకు పెద్దగా వాడకుండా 15-20 కిలోమీటర్లు వచ్చాక ఒక్క చక్రం మాత్రమే సెగలు కక్కితే అది బిగుసుకున్న బ్రేకు. చెయ్యి ఆనించకండి, కాలుతుంది. అరచేయి దగ్గరగా పెట్టి, రెండో వైపు చక్రంతో పోల్చి చూడండి.

కారణం నాలుగింటిలో ఒకటి. పిన్ను పట్టేసి ఉండవచ్చు. ప్యాడు చెవులు కూర్చునే క్లిప్పుల కింద తుప్పు పొంగి ప్యాడు ఇరుక్కుని ఉండవచ్చు. పిస్టన్ వెనక్కి రాకపోవచ్చు. హ్యాండ్ బ్రేకు కేబులు వదలకపోవచ్చు. కాలిపర్ విప్పాక ఈ వరసలోనే చూడండి, చవకైనవి ముందు వస్తాయి. వీటిలో ఏదీ కాకపోతే కాలిపర్‌కు బ్రేకు నూనె తెచ్చే రబ్బరు గొట్టాన్ని అనుమానించండి. చక్రం పట్టి ఉన్నప్పుడు కాలిపర్ మీది గాలి తీసే నిపుల్ కాస్త వదులు చేయగానే చక్రం తిరిగితే, గొట్టం లోపల వాచి ఒత్తిడిని వదలడం లేదన్నమాట.

బ్రేకు వేస్తే అదురు

స్టీరింగు ఊగితే ముందు డిస్కులు, సీటు అడుగునా పెడల్‌లోనా అదిరితే వెనకవి అయ్యే అవకాశం ఎక్కువ. డిస్కు వంగిపోయిందని అందరూ అంటారు కానీ, చాలావరకు అది వంకర కాదు, డిస్కు మందం చుట్టూ ఒకేలా లేకపోవడం. హబ్ (డిస్కు, చక్రం కూర్చునే మధ్య భాగం) మీది తుప్పు గీకకుండా కొత్త డిస్కు కూర్చోబెట్టినా, నట్లు ఎలా పడితే అలా బిగించినా, కొన్ని వేల కిలోమీటర్లలో ఇదే తయారవుతుంది. కొత్త డిస్కు వేసిన కొద్దికాలానికే అదురు వచ్చిందంటే డిస్కును తిట్టకముందు హబ్ ముఖం చూడండి.

విప్పేటప్పుడు పడే చిక్కులు

సమతల నేల, ముందు చక్రాలకు రెండు వైపులా అడ్డుకట్టెలు, జాకీ మీద కాకుండా స్టాండు మీద బండి. వెనక పనికి హ్యాండ్ బ్రేకు వదలాల్సి వస్తుంది కాబట్టి ఇందులో రాజీ లేదు.

అసలు గొడవ పిస్టన్ వెనక్కి నెట్టడంలో ఉంది. మీ హ్యాండ్ బ్రేకు ఏ రకమో తెలియకుండా సీ క్లాంపు (మర బిగించి నొక్కే పనిముట్టు) పట్టుకోకండి. బటన్ నొక్కే ఎలక్ట్రానిక్ రకమైతే ముందు స్కానరుతోనో, యజమాని పుస్తకంలో చెప్పిన వరసలోనో సర్వీస్ మోడ్‌లో పెట్టాలి. మోటారు వెనక్కి వచ్చాకే పిస్టన్‌ను నొక్కాలి. ఆ మోడ్‌లో ఉండగా పిల్లలను బటన్ దగ్గరికి రానివ్వకండి, మీ వేళ్ళు అక్కడ ఉంటాయి. కేబులు నేరుగా కాలిపర్‌కే వచ్చే రకమైతే పిస్టన్ మర లాంటిది. నొక్కుతూ తిప్పాలి. చాలా బళ్ళలో కుడివైపుకు తిప్పాలి. నేరుగా నొక్కితే లోపలి మర విరిగి కాలిపర్ మొత్తం మార్చాల్సి వస్తుంది. తిప్పాక పిస్టన్ ముఖం మీది గాడి, ప్యాడు వెనక ఉన్న బొడిపెకు సరిగ్గా ఎదురుగా రావాలి. డిస్కు మధ్య గిన్నెలోనే చిన్న బ్రేకు షూలు ఉండే రకంలో మాత్రం పిస్టన్ మామూలుగా నొక్కితే వెళ్ళిపోతుంది.

పిస్టన్ వెనక్కి వెళ్తే బ్రేకు నూనె దాని డబ్బాలో పైకి వస్తుంది. డబ్బా నిండుగా ఉంటే ముందే కొంచెం సిరంజితో తీసెయ్యండి. బ్రేకు నూనె చుక్క పెయింటు మీద పడితే వెంటనే నీళ్ళతో కడగాలి. ఊడిన కాలిపర్‌ను గొట్టానికి వేలాడనివ్వకుండా తీగతో స్ప్రింగుకు కట్టండి.

డిస్కు ఊడకపోతే? షూలు ఉండే రకంలో అవి లోపలి గట్టుకు పట్టుకుని ఉంటాయి. రబ్బరు మూత తీసి, లోపలి పళ్ళ చక్రాన్ని తిప్పి వదులు చేయాలి. మిగతావాటిలో తుప్పే కారణం. చాలా డిస్కుల ముఖం మీద మరలున్న రెండు ఖాళీ రంధ్రాలు ఉంటాయి. వాటిలో సరిపోయే బోల్టులు, ఎక్కువగా 8 మిల్లీమీటర్లవి, ఒకదాని తరవాత ఒకటి కొంచెం కొంచెంగా బిగిస్తే డిస్కు దానంతటదే పైకి లేస్తుంది. మా తమ్ముడుండే మిషిగన్‌లో చలికాలం రోడ్ల మీద ఉప్పు చల్లుతారు. అక్కడ ఈ బోల్టులు లేకుండా పని మొదలుపెట్టడమే దండగ అంటాడు.

ఇక ఆ పిన్ను. మాది కింది పిన్ను. వేలితో తోస్తే కదల్లేదు. పానాతో అటూ ఇటూ తిప్పుతూ లాగితే కాఫీ పొడి లాంటి తుప్పుతో బయటికి వచ్చింది. దాని రబ్బరు తొడుగు మడతలో చిన్న చిరుగు, అందులోంచే వాననీళ్ళు లోపలికి దిగాయి. గత గ్యారేజీ వాళ్ళు కాలిపర్‌ను పై పిన్ను మీద తిప్పి ప్యాడ్లు మార్చి మూసేశారు, అంతే. పిన్నులు, తొడుగులు కొత్తవి సెట్టుగా దొరుకుతాయి. పిన్ను కూర్చునే రంధ్రం లోపల బ్రేక్ క్లీనర్ కొట్టి, పుల్లకు గుడ్డ చుట్టి శుభ్రం చేశాను. పూయాల్సింది బ్రేకు పిన్నుల కోసమే అమ్మే సిలికాన్ గ్రీజు, అదీ పల్చగా. బేరింగులకు వాడే మామూలు గ్రీజు రబ్బరును ఉబ్బిస్తుంది, ఆరు నెలల్లో పిన్ను మళ్ళీ పట్టేస్తుంది. రెండు పిన్నులూ ఒకేలా ఉండకపోవచ్చు, ఏది ఎక్కడిదో విప్పే ముందే ఫోనుతో ఫొటో తీసుకోండి.

క్లిప్పులు తీసి వాటి కింద తుప్పును వైర్ బ్రష్షుతో, అవసరమైతే ఆకురాయితో గీకండి. కొత్త ప్యాడు చేత్తో జరిగేంత వదులుగా కూర్చోవాలి. సుత్తితో కొట్టి ఎక్కించాల్సి వస్తే తుప్పు ఇంకా మిగిలే ఉంది. హబ్ ముఖం కూడా మెరిసేదాకా రుద్దండి. కొత్త డిస్కుకు తుప్పు పట్టకుండా నూనె పూసి పంపుతారు, బ్రేక్ క్లీనరుతో రెండు ముఖాలూ తుడవండి. ప్యాడ్లు, డిస్కులు రెండు వైపులా ఒకేసారి మార్చాలి.

బిగించాక

మొదటిసారి పెడల్ నేల దాకా వెళ్తుంది. పిస్టన్ వెనక్కి వెళ్ళి ఉంది కాబట్టి అది సహజమే. గేరు వెయ్యకముందే పెడల్ గట్టిపడేదాకా నెమ్మదిగా తొక్కండి. ఎంత తొక్కినా మెత్తగానే ఉంటే గాలి చేరినట్టు, బండి కదపకండి. సర్వీస్ మోడ్ తీసేయడం, నూనె మట్టం చూడడం, నట్లను ఎదురెదురుగా, టార్క్ రెంచితో పుస్తకంలో ఉన్న లెక్కకు బిగించడం మరవకండి.

తరవాత ఖాళీ రోడ్డు మీద గంటకు 50 కిలోమీటర్ల వేగం నుంచి 10కి, పూర్తిగా ఆపకుండా, ఎనిమిది పదిసార్లు మధ్యమధ్య చల్లారనిస్తూ తగ్గించండి. ప్యాడు పదార్థం డిస్కు మీద సమంగా పరుచుకోవాలి. ఆ వెంటనే సిగ్నల్ దగ్గర పెడల్ గట్టిగా తొక్కిపెట్టి నిలబడితే, వేడి ప్యాడు ఆ చోటే అంటుకుని తరవాత అదురు మొదలవుతుంది.

మొదటి వంద కిలోమీటర్ల తరవాత నట్లు మళ్ళీ చూశాను, రెండు వెనక చక్రాల దగ్గరా అరచేయి పెట్టాను. ఏడు నెలల్లో మొదటిసారి రెండూ ఒకేలా వెచ్చగా ఉన్నాయి.