స్పెక్ట్రల్‌లో సొంత రూల్ రాశారా? అది పని చేయట్లేదా?

స్పెక్ట్రల్ అంటే ఓపెన్‌ఏపీఐ ఫైళ్లలో (ఏపీఐ ఎలా ఉంటుందో వివరించే ఫైళ్లు) తప్పులు పట్టే లింటర్. అందులో సొంత రూల్స్ రాసేటప్పుడు ఎక్కువ టైమ్ తినేది తప్పుగా అరిచే రూల్ కాదు, అసలు నోరు మెదపని రూల్. ముందు దాని సంగతే చూద్దాం.

సమస్య: తప్పు కళ్ల ముందే ఉంది, అయినా రూల్ ఒక్క మెసేజ్ కూడా ఇవ్వట్లేదు.

చాలాసార్లు కారణం రూల్‌లోని గివెన్‌లో (ఫైల్లో ఎక్కడ చూడాలో చెప్పే భాగం) రాసిన జేసన్‌పాత్ అనే అడ్రస్. అది ఫైల్లో దేనికీ తగలకపోయినా స్పెక్ట్రల్ ఏమీ అనదు, కాబట్టి అంతా బాగుందనే అనిపిస్తుంది. తేల్చుకోవాలంటే దెన్‌లో (ఏం చెక్ చేయాలో చెప్పే భాగం) ఫీల్డ్ తీసేసి, ఫంక్షన్ స్థానంలో కాసేపు ఫాల్సీ (విలువ ఉంటే మెసేజ్ ఇచ్చేది) పెట్టి రన్ చేయండి. పాత్ ఏ ఆబ్జెక్టులకి తగులుతోందో వాటన్నిటి మీదా లైన్ నంబర్లతో సహా మెసేజ్ వస్తుంది. ఏమీ రాకపోతే పాతే తప్పు.

పాత్ సరిగ్గానే ఉంటే ఫంక్షన్ వైపు చూడండి. ప్రతి ఆపరేషన్‌కీ ఎక్స్-ఓనర్ (అది ఏ టీమ్‌దో చెప్పే సొంత ఫీల్డ్) ఉండాలి, అది టీమ్ పేరు ఫార్మాట్‌లోనే ఉండాలి అని ప్యాటర్న్ (రెజెక్స్‌తో పోల్చి చూసే ఫంక్షన్) ఒక్కటే రాశారనుకోండి, ఓనర్ అసలే రాయని ఆపరేషన్ దర్జాగా పాసైపోతుంది, ఎందుకంటే ప్యాటర్న్ స్ట్రింగ్‌లని మాత్రమే చూస్తుంది, లేనిదాన్ని వదిలేస్తుంది. దెన్ కింద లిస్టుగా రెండు రాయండి: ట్రూతీ (విలువ ఉందో లేదో చూసేది) ఒకటి, ప్యాటర్న్ ఒకటి.

సమస్య: సంబంధం లేని చోట్ల మెసేజ్‌లు.

గివెన్‌లో పాత్స్ కింద స్టార్ (అన్నీ అని అర్థం), దాని కింద ఇంకో స్టార్ పెడితే గెట్, పోస్ట్‌లతో పాటు అదే స్థాయిలో ఉండే పారామీటర్స్, సమ్మరీ, సర్వర్స్ కూడా తగులుతాయి. రెండో స్టార్ తీసేసి మెథడ్ల పేర్లు విడివిడిగా రాయండి. అదే పాత్ నాలుగైదు రూల్స్‌లో వస్తుంటే ఎలియాస్ (ఆ పాత్‌కి ఒక పేరు) పెట్టుకోవడం నయం.

సమస్య: స్కీమాలు ఇన్‌లైన్‌లో రాయొద్దు, డాలర్ రెఫ్ (వేరే చోట రాసిన స్కీమాని చూపించే లింక్) మాత్రమే వాడాలి అని రూల్ రాస్తే, రెఫ్ వాడిన చోట కూడా ఎర్రర్.

రూల్ మామూలుగా నడిచేది రెఫ్‌లన్నీ విప్పేసిన డాక్యుమెంట్ మీద. అక్కడ రెఫ్ అనే కీయే మిగలదు. ఆ రూల్‌కి రిజాల్వ్డ్ ఫాల్స్ అని చేర్చండి, సరిపోతుంది.

సమస్య: మెసేజ్ వస్తోంది కానీ సీఐ (కోడ్ మారినప్పుడల్లా తనంతట తాను నడిచే చెకింగ్) బిల్డ్ ఆగట్లేదు.

సివియారిటీ (తప్పు తీవ్రత) రాయకపోతే రూల్ వార్న్‌గా లెక్క. కమాండ్ ఫెయిలయ్యేది ఎర్రర్ ఉంటేనే. ఫెయిల్-సివియారిటీని (ఏ స్థాయి నుంచి ఫెయిల్ చేయాలో చెప్పే ఆప్షన్) వార్న్‌కి దించితే ఆగుతుంది గానీ, నేనైతే వద్దంటాను, రెడీమేడ్ రూల్‌సెట్‌లోని ప్రతి చిన్న వార్నింగూ బిల్డ్‌ని ఆపేస్తుంది, వారం తిరక్కుండా టీమ్ మొత్తం లింటర్‌నే తీసేయమంటుంది. మీకు నిజంగా ముఖ్యమైన రూల్‌కే ఎర్రర్ పెట్టండి. ఇప్పటికే నడుస్తున్న పాత ఏపీఐ ఫైళ్లకి ఓవర్‌రైడ్స్‌లో (కొన్ని ఫైళ్లకి మాత్రం రూల్ మార్చే భాగం) దాన్ని వార్న్ చేయండి. మెసేజ్‌లో కూడా ఏం తప్పో చెప్పి ఊరుకోకుండా ఏం రాయాలో చెప్పండి, బిల్డ్ ఆగిపోయిన మనిషికి కావాల్సింది అదే.

సమస్య: రూల్‌సెట్ ఫైలే లోడ్ అవ్వట్లేదు, యామల్ (ఆ ఫైల్ రాసే ఫార్మాట్) ఎర్రర్.

రెజెక్స్‌ని డబుల్ కోట్స్‌లో పెట్టారేమో చూడండి. అందులో బ్యాక్‌స్లాష్ డీ లాంటివి యామల్‌కి చెల్లవు. సింగిల్ కోట్స్‌కి మార్చండి.