ఆటల బడి హాస్టల్‌కి పిల్లల్ని పంపుతున్నారా? డెల్టా చెమ్మకు తగ్గట్టు పెట్టె ఎలా సర్దాలి, ఏం నేర్పి పంపాలి?

పొద్దున్న అయిదింటికి గ్రౌండు, పగలంతా తరగతులు, సాయంత్రం చీకటి పడేదాకా మళ్లీ గ్రౌండు, రాత్రి స్టడీ. ఆటలకు పేరున్న పల్లెటూరి ప్రైవేటు బళ్లలో హాస్టల్ పిల్లల రోజు దాదాపు ఇలాగే సాగుతుంది. అయితే గోదావరి డెల్టాలో దీనికి ఒక చిక్కుంది. జూన్‌లో బడులు తెరిచిన కొద్ది రోజులకే వానలు, దసరా దాటాక తుఫాన్లు. నేల నల్లరేగడి, గాలి నిండా తేమ. ఒంటిమీద చెమట ఆరదు, దండెం మీద బట్ట ఆరదు, కాలి బూటు ఆరదు. ఆటల పిల్లలకు ఇక్కడ వచ్చే చర్మ బాధల్లో ఎక్కువ భాగం ఈ ఆరని తడి తెచ్చిపెట్టేవే. కాబట్టి పెట్టెలో పెట్టే ప్రతి వస్తువు గురించీ ముందు ఒకటే ఆలోచించండి: ఇది తడిస్తే ఎంతసేపట్లో ఆరుతుంది?

బట్టల లెక్క

బడి ఇచ్చిన జాబితాలో ఆట దుస్తులు మూడు జతలని ఉంటే అది ఎండాకాలానికే సరిపోతుంది. రెండు పూటలా ఆడితే రోజుకు రెండు జతలు తడుస్తాయి. ముసురు పట్టినప్పుడు వరండాలో ఆరేసిన బట్టకు రెండు రోజులు పడుతుంది. ఉతికే రోజు కూడా కలుపుకుంటే మూడు రోజులకు ఆరు జతలు. ఖరీదైనవి మూడు కొనే బదులు మామూలువి ఆరు కొనండి.

టీషర్టులూ నిక్కర్లూ పల్చటి పాలిస్టర్‌వైతే తొందరగా ఆరతాయి. లోదుస్తులు మాత్రం నూలువే, ఒంటిని పట్టేయకుండా కాస్త వదులుగా ఉండేవి, ఎనిమిది జతలు. మేజోళ్లు కూడా ఎనిమిది జతలు. తువ్వాలు మందంగా, మెత్తగా ఉంటే బాగుంటుందని కొంటారు. అది వానాకాలంలో ఎప్పటికీ ఆరదు. పల్చటి నేత తువ్వాళ్లు మూడు పెట్టండి. వాటితో పాటు మూడు మీటర్ల నైలాన్ తాడు, ఇరవై క్లిప్పులు.

ప్రతి బట్టకూ లోపలి వైపు పిల్లల హాస్టల్ నంబరును దారంతో కుట్టండి. మార్కరుతో రాసింది కొన్ని ఉతుకులకే వెలిసిపోతుంది.

ఉతకడం ఇంట్లోనే నేర్పండి

బడి తెరిచేలోపు పది రోజులు పిల్లల బట్టలు వాళ్ల చేతే ఉతికించండి. అబ్బాయైనా అమ్మాయైనా అంతే. సముద్రానికి దగ్గరి ఊళ్లలో బోరు నీళ్లు ఉప్పగా ఉంటాయి, సబ్బు నురగ రాదు. నురగ రాలేదని పిల్లలు ఇంకో గుప్పెడు పొడి వేస్తారు. అది బట్టలో మిగిలిపోయి చెమ్మను పట్టి ఉంచుతుంది, ఆరినా వాసన వదలదు. ఒక జతకు ఒక చెంచా పొడి చాలు. ఆఖరి జాడింపు మంచినీళ్లతో అయితే మేలు.

పిండడంలో ఒక కిటుకు ఉంది. ఉతికిన టీషర్టును పొడి తువ్వాలు మీద పరిచి, రెండూ కలిపి చాపలా చుట్టి, ఆ చుట్టను రెండు వైపుల నుంచీ గట్టిగా మెలిపెట్టాలి. చేత్తో పిండితే దిగని నీళ్లు కూడా తువ్వాలు లాగేస్తుంది. తర్వాత బట్టను తిరగేసి, కుట్లు పైకి వచ్చేలా, పక్క బట్టకు తగలకుండా ఆరేయాలి. సగం ఆరిన బట్టను మడిచి పెట్టెలో పెడితే పక్కనున్న పొడి బట్టలకూ వాసన అంటుతుంది. తడి బట్టలకని విడిగా ఒక వల సంచి ఇవ్వండి. ప్లాస్టిక్ కవరులో కుక్కితే ఒక్క రాత్రికే మగ్గిపోతాయి.

బూట్లు

ఎక్కువ మంది తప్పు చేసేది ఇక్కడే. మంచి బూట్లు ఒకే జత కొని పంపుతారు. అవి సోమవారం తడిస్తే వారమంతా తడి బూట్లే. రెండు జతలు తప్పనిసరి. కొనడానికి సాయంత్రం పూట వెళ్లండి, పగలంతా తిరిగిన పాదం కాస్త ఉబ్బి ఉంటుంది. ఆటకు వేసుకునే మేజోళ్లతోనే తొడిగి చూడాలి. బొటనవేలి ముందు మీ బొటనవేలి వెడల్పంత ఖాళీ ఉండాలి. వచ్చే ఏడాదికీ వస్తాయని అంతకంటే పెద్దవి కొంటే మడమ కదిలి బొబ్బలు వస్తాయి.

బురద బూట్లను ఇలా శుభ్రం చేయాలి:

1. పూర్తి తడిగా ఉన్నప్పుడు రేగడిని రుద్దవద్దు, పులుముకుంటుంది. ఎండి రాయి అయ్యేదాకానూ ఆగవద్దు. గంటా గంటన్నరలో సగం ఆరి ముద్దలా విడివడే దశ వస్తుంది. అప్పుడు వెదురు పుల్లతో గీకాలి.
2. లేసులు, లోపలి అట్ట బయటికి తీసి విడిగా ఆరబెట్టాలి.
3. పైభాగాన్ని పాత టూత్‌బ్రష్‌తో, కొద్ది నీళ్లతోనే తుడవాలి. బకెట్లో ముంచకూడదు.
4. పాత న్యూస్‌పేపరు ఉండలు చేసి కొనదాకా కూరాలి. గంట తర్వాత ఆ కాగితాలు తీసేసి కొత్తవి పెట్టాలి. ఈ మార్చడమే అసలు పని. తడిసిన కాగితం అలాగే ఉంటే బూటు ఆరదు.
5. ఫ్యాను గాలికి, నీడలో పెట్టాలి. మండుటెండలోనో పొయ్యి దగ్గరో పెడితే జిగురు వదిలి అడుగు ఊడుతుంది.

మట్టి కోర్టులో కబడ్డీ, ఖోఖో ఆడే పిల్లలు చాలాచోట్ల ఉత్త కాళ్లతోనే ఆడతారు. ఆట అయ్యాక కాళ్లు కడుక్కుని వేళ్ల సందులు పొడి గుడ్డతో తుడుచుకోవడం వాళ్లకు అలవాటు చేయండి.

తామర, గజ్జి

గజ్జల్లోనో నడుం దగ్గరో గుండ్రంగా, అంచు ఎర్రగా, దురదతో వచ్చేది తామర. ఒకరి తువ్వాలు ఒకరు వాడితే అంటుకుంటుంది. మందుల షాపులో అడిగి తెచ్చే చాలా మిశ్రమ క్రీముల్లో స్టెరాయిడ్ ఉంటుంది. దురద రెండు రోజుల్లో తగ్గుతుంది గానీ ఫంగస్ చావదు, లోలోపల పాకి మరింత మొండిగా తిరిగొస్తుంది. చర్మ డాక్టరుకు చూపించి, మచ్చ మాసినట్టు కనిపించినా ఆయన చెప్పిన గడువు దాకా మందు వాడించండి.

రాత్రిపూట ఎక్కువయ్యే దురద, వేలి సందుల్లో పొక్కులు ఉంటే గజ్జి కావచ్చు. మీ పిల్లవాడికి ఒక్కడికే మందు రాసి లాభం లేదు. గదిలో అందరికీ ఒకే రోజు రాయాలి, దుప్పట్లు వేడినీళ్లలో ఉతకాలి. సిగ్గుపడకుండా వార్డెన్‌కి చెప్పమని పిల్లలకు ముందే చెప్పి పంపండి, దాచడం వల్లే గదంతా పాకుతుంది.

అమ్మాయిలకు ఆట రోజుల్లో పనికొచ్చేలా ప్యాడ్లు ఎక్కువే పెట్టండి, నాలుగు నుంచి ఆరు గంటలకోసారి మార్చుకోమనండి. గుడ్డ ప్యాడ్లు వాడేవాళ్లు వాటిని దాచి ఆరేయకూడదు, ఎండ తగలాలి.

నీళ్లు, చిరుతిళ్లు

ఉక్కపోతలో చెమట కారుతుంది గానీ ఆవిరి కాదు, ఒళ్లు చల్లబడదు. ఆటలో ప్రతి ఇరవై నిమిషాలకూ ఒక గ్లాసు నీళ్లు తాగాలి. కోనసీమలో కొబ్బరి బోండాం ఎక్కడైనా దొరుకుతుంది, మంచిదే. కానీ అందులో పొటాషియం ఎక్కువ, సోడియం తక్కువ. చెమటలో పోయేది ముఖ్యంగా సోడియం. బాగా చెమట పట్టిన రోజు ఉప్పు వేసిన మజ్జిగ అంతకంటే పనిచేస్తుంది. ఓఆర్ఎస్ పెద్ద ప్యాకెట్లు నాలుగు పెట్టి, ఒక ప్యాకెట్ మొత్తం లీటరు నీళ్లలో ఒకేసారి కలపాలని చెప్పండి. కొంచెం కొంచెంగా గ్లాసులో కలుపుకుంటే పాళ్లు తప్పుతాయి.

సున్నుండలు గాలి చొరని డబ్బాలో పంపండి. పూతరేకులు తేమకు మెత్తబడతాయి, వాటిని సెలవులకు ఇంటికి వచ్చినప్పుడు పెట్టండి. ఆవకాయలో తడి చెంచా పెడితే బూజు పడుతుంది, విడిగా ఒక చెంచా ఇవ్వండి.

రోజూ వచ్చి వెళ్లే పిల్లలకు

డే స్కాలర్లకు బళ్లో బీరువా లేకపోతే సంచిలో ఒక పొడి జత, తువ్వాలు, చెప్పులు రోజూ ఉండాలి. సాయంత్రం ఆట దుస్తులతోనే సైకిలెక్కి ఇంటికొస్తే గంటసేపు తడి బట్ట ఒంటిమీదే ఉంటుంది. బయల్దేరే ముందు మార్చుకోవడమే నియమం. సాయంత్రం ప్రాక్టీసుకు ముందు తినడానికి రెండో చిన్న బాక్సు కట్టండి, మధ్యాహ్నం అన్నం అప్పటిదాకా ఆగదు.

ఆట అయ్యాక బురద కడుక్కోవడానికి కాలువలోకి దిగవద్దని ఎవరికైనా గట్టిగా చెప్పండి. వేసవిలో కట్టేసిన కాలువలకు జూన్‌లో నీళ్లు వదులుతారు. లాకుల దగ్గరా తూముల దగ్గరా పైకి నిలకడగా కనిపించే నీళ్లు అడుగున లాగేస్తాయి. ఎవరైనా పడితే వెనక దూకకూడదు. తాడో, చీరో, పొడవాటి గెడో అందించి కేక వేయాలి.

పెట్టె, మొదటి విజిట్

రేకు పెట్టె కింద రెండు ఇటుకలు, గోడకు బెత్తెడు ఎడం. బందులకు కొబ్బరి నూనె రాస్తే తుప్పు తొందరగా పట్టదు. తాళానికి రెండో చెవి మీ దగ్గర ఉంచుకోండి. తుఫాను రోజుల కోసం ఒక పొడి జత, టార్చిలైటు, మీ ఫోన్ నంబర్లు రాసిన కాగితం మూత బిగిసే డబ్బాలో పెట్టండి.

మొదటిసారి చూడటానికి వెళ్లినప్పుడు మార్కుల సంగతి తర్వాత. ముందు పిల్లల కాలి వేళ్ల సందులు చూడండి, బూటులో చెయ్యి పెట్టి కొనదాకా తడి ఉందేమో తడమండి, పెట్టె అడుగున ఉన్న బట్ట తీసి వాసన చూడండి. మూడింట్లో ఏది చెమ్మగా ఉన్నా, ఆ రోజే దాన్ని ఎలా ఆరబెట్టాలో పక్కన కూర్చుని మరోసారి చేయించి రండి.