మధ్యాహ్నం వండిన చికెన్ కూర రాత్రికి తినాలంటే

ఆదివారం మధ్యాహ్నం వండిన కూరని గిన్నెతోనే పొయ్యి మీద వదిలేసి, రాత్రికి వేడి చేసుకుని తినడం చాలా ఇళ్లలో అలవాటు. దయచేసి మానేయండి. బాగా ఉడికించినా కొన్ని బ్యాక్టీరియాల బీజాలు చావవు, కూర గోరువెచ్చగా ఉన్నంతసేపూ అవి పెరుగుతూనే ఉంటాయి, ఇంకొన్ని వదిలే విషమైతే మళ్లీ మరిగించినా పోదు. అందుకే వండిన 2 గంటల్లోపు, మన ఎండాకాలంలో అయితే గంటలోపే ఫ్రిజ్‌లో పెట్టేయాలి. పెద్ద గిన్నె అలాగే పెడితే మధ్యలో కూర చాలాసేపు వెచ్చగానే ఉంటుంది, వెడల్పాటి చిన్న గిన్నెల్లోకి తీయండి. తినేముందు పొగలు వచ్చేదాకా వేడి చేయండి.

పచ్చి చికెన్‌ని కుళాయి ధార కింద కడగొద్దు, చుక్కలు చింది పక్కనున్న కొత్తిమీర కట్ట మీద పడతాయి. ఉప్పు, పసుపు వేసి కడిగినా సాల్మొనెల్లా అనే బ్యాక్టీరియా పోదు, దాన్ని చంపేది వేడే. కడగకుండా మనసొప్పకపోతే గిన్నెలో నీళ్లు పోసి నెమ్మదిగా కడిగి, తర్వాత సింకూ చేతులూ సబ్బుతో రుద్దుకోండి. పచ్చి చికెన్ కోసిన కత్తితోనే నంజుకునే ఉల్లిపాయ, నిమ్మకాయ కోయొద్దు, అవి పచ్చివే తింటాం కదా. పెరుగు, కారం పట్టించిన ముక్కలు కూడా ఫ్రిజ్‌లోనే నానాలి. ఉడికిందో లేదో రంగు చూసి చెప్పలేం, థర్మామీటర్ ఉంటే తొడ ముక్కలో ఎముకకి తగలకుండా గుచ్చి చూడండి, 74 డిగ్రీల సెల్సియస్ రావాలి.