పాటల ప్లేయర్ కొనేటప్పుడు జేబులో మీ మెమొరీ కార్డు ఉండాలె

హన్మకొండ చౌరస్తాలో ప్లేయర్ అడిగితే షాపులో మొదట వినపడే మాట "ఎన్ని జీబీ కావాలె?" అని. జీబీ సంగతి చివర చూసుకోవచ్చు. మెమొరీ కార్డు పెట్టే సందు ఉంటే జాగా ఎప్పుడైనా పెంచుకోవచ్చు. తెలుగు అక్షరాలు రాని తెర, ఆపిన చోటు గుర్తుపెట్టుకోని ప్లేయర్ మాత్రం ఇంటికి తెచ్చుకున్నాక మారవు. అందుకే మీరు రోజూ వినేవి, చూసేవి కొన్ని ఒక 16 జీబీ కార్డులో ఎక్కించుకొని పోయి, కౌంటర్ మీదనే పెట్టి చూడండి. కార్డును ముందే ఫ్యాట్32లో (కార్డు మీద ఫైళ్లను అమర్చే ఒక పద్ధతి) ఫార్మాట్ చేయండి, చిన్న ప్లేయర్లు చాలావరకు దాన్నే చదువుతాయి. పరీక్ష మొత్తం ఇరవై నిమిషాల్లో అయిపోతది.

కార్డులో ఏమేం ఎక్కించాలి

ముందు తెలుగు పేరున్న పాట ఒకటి. ఫైలు పేరు తెలుగు అక్షరాల్లోనే "సమ్మక్క" అని పెట్టండి. ఈ ఒక్క మాట చాలు, రెండు ఒత్తులు ఉన్నాయి కాబట్టి తెర సంగతి బయటపడుతుంది. డబ్బాలు డబ్బాలుగా కనిపిస్తే ప్లేయర్‌లో తెలుగు ఫాంటే లేదు. "సమ్‌మక్‌క" అని పొల్లులు విడివిడిగా కనిపిస్తే ఫాంటు ఉంది కానీ ఒత్తు కూర్చే పని రాదు. చదవొచ్చు, కానీ ఇంట్లో పెద్దవాళ్లు తడబడతారు. "సమ్మక్క" అని సరిగ్గా వస్తేనే తెలుగు వచ్చిన ప్లేయర్. ఫాంటు లేని దానికి ఇంటి దగ్గర చేసే మరమ్మతు ఏదీ లేదు, వేల పాటల పేర్లు ఇంగ్లిష్ అక్షరాల్లోకి మార్చుకోవాల్సిందే.

ఇంకో చిక్కు ఉంటది. ఫోల్డర్‌లో పేరు బాగానే కనిపించి, పాట మొదలయ్యాక పిచ్చి గుర్తులు వస్తాయి. అది పాటలో దాగి ఉండే ట్యాగ్ (పాట పేరు, పాడినవాళ్ల పేరు రాసి ఉండేది) తప్పు. పాత చిప్పులు ఐడీ3 ట్యాగుల్లో 2.3 వెర్షన్ చదువుతాయి, 2.4 చాలావరకు చదవలేవు. కంప్యూటర్‌లో ఎంపీ3ట్యాగ్ అనే ఉచిత సాఫ్ట్‌వేర్ సెట్టింగుల్లో 2.3, యూటీఎఫ్-16 ఎంచుకొని పాటలన్నీ ఒకేసారి సేవ్ చేస్తే సర్దుకుంటది. ఈ తప్పు కోసం ప్లేయర్‌ను వద్దనుకోకండి.

రెండోది ఒక ఒగ్గు కథ. రెండు మూడు గంటలు ఒకే ఫైలుగా ఉన్నది కావాలి. గంటా పది నిమిషాల దగ్గరికి జరిపి, ప్లేయర్ పూర్తిగా ఆఫ్ చేసి, మళ్లీ ఆన్ చేయండి. అక్కడి నుంచే మొదలైతే తీసుకోదగిందే. మధ్యలో వేరే పాట పెట్టి, తిరిగి కథకు వచ్చినప్పుడూ చోటు గుర్తుంటే ఇంకా మంచిది. చౌక ప్లేయర్లు ఇక్కడే తప్పుతాయి, కథ మళ్లీ మొదటి నుంచి వస్తుంది. బటన్ నొక్కి పట్టుకొని గంట ముందుకు పోవడానికి ఎంతసేపు పట్టిందో కూడా చూడండి. కొన్నింటిలో నిమిషాల తరబడి వేలు తీయకుండా నొక్కాలి. పాటలు మాత్రమే వినేవాళ్లకు దీనితో పని లేదు. కథలు, ప్రవచనాలు, పాఠాలు వినే ఇంట్లో మాత్రం మిగతా అన్ని గుణాల కంటే ఇదే ముందు. ఇప్పటికే అట్లాంటి ప్లేయర్ ఉంటే, అడాసిటీ అనే ఆడియో సాఫ్ట్‌వేర్‌లో కథను ఇరవై నిమిషాల ముక్కలుగా కోసుకుంటే నడిచిపోతది.

మూడోది వరుస. ఒక ఫోల్డర్‌లో పది పాటలకు 1 నుంచి 10 దాకా అంకెలు పెట్టి, కావాలనే వెనకా ముందూ చేసి కాపీ చేయండి. కొన్ని ప్లేయర్లు 1, 10, 2, 3 అని పోతాయి, అంకెలను అక్షరాల్లాగా పోల్చడం వల్ల. కొన్ని మీరు కాపీ చేసిన వరుసలోనే పాడుతాయి, ఎందుకంటే ఫ్యాట్32లో ఫైళ్ల జాబితా ఎక్కించిన క్రమంలోనే పడుతుంది, ప్లేయర్ దాన్ని సర్దదు. కారు స్టీరియోలో పెన్ డ్రైవ్ పెట్టినప్పుడు పాటలు చెల్లాచెదురు కావడానికీ చాలాసార్లు ఇదే కారణం. 01, 02 అని రెండంకెలు పెట్టి, ఖాళీ కార్డులోకి ఒక్కొక్కటిగా వరుసలో ఎక్కిస్తే రెండు రకాలూ దారికొస్తాయి.

వీడియోలు రెండు తీసుకోండి: 720 హెచ్.264 ఎంపీ4 ఒకటి, 1080 హెచ్.265 ఒకటి (720, 1080 బొమ్మ నాణ్యత, హెచ్.264, హెచ్.265 వీడియోను కుదించే రకాలు). శబ్దం వచ్చి బొమ్మ నల్లగా ఉంటే ఆ వీడియో రకం చిప్పుకు తెలియదు. బొమ్మ వచ్చి శబ్దం రాకపోతే సినిమాలో ఆడియో డాల్బీ రకం అయి ఉంటది. రెండూ వచ్చి బొమ్మ ఆగి ఆగి కదిలితే చిప్పుకు బలం చాలట్లేదు. మొదటి రెండింటికీ మందు హ్యాండ్‌బ్రేక్ సాఫ్ట్‌వేర్: "ఫాస్ట్ 480పీ30" ఎంచుకుంటే హెచ్.264 వీడియో, ఏఏసీ ఆడియోతో ఎంపీ4 ఇస్తుంది. మూడోదానికి కూడా చిన్న తెరల మీద తరచూ అదే పని చేస్తది. కానీ బటన్లున్న రెండున్నర అంగుళాల ప్లేయర్లు చాలావాటికి ఏఎంవీ, ఏవీఐ లాంటి వీడియో రకాలే కావాలి, ప్రతి సినిమానూ వాటితో వచ్చే సాఫ్ట్‌వేర్‌తో మార్చాలి. వారం రోజులు మార్చి, ఆ తర్వాత విసుగొచ్చి మూలన పడేస్తారు. వీడియో కోసం అవి కొనకండి.

చివరగా మెల్లగా మొదలయ్యే ఒక పాట, ఫ్లాక్ రకం (శబ్దం పోకుండా దాచే ఫైలు) అయితే మంచిది. మీ ఇయర్‌ఫోన్లే పట్టుకపోండి. వాల్యూమ్ తగ్గించి పెట్టినప్పుడు పాట వెనక సుయ్‌మని వినిపిస్తే అది ప్లేయర్ లోపలి యాంప్లిఫయర్ చప్పుడు, తర్వాత ఏ సెట్టింగ్‌తోనూ పోదు. బ్లూటూత్ కూడా చూడాలంటే వీడియో పెట్టి పెదవులు, మాట కలుస్తున్నాయో లేదో చూడండి. ఆకాశవాణి వరంగల్ వినేవాళ్లు వైరు ఇయర్‌ఫోన్లు వదలొద్దు, చాలా ప్లేయర్లకు ఆ వైరే ఎఫ్ఎం ఏరియల్.

ఏ రకం తీసుకోవాలి

పాటలకే అయితే బటన్ల ప్లేయర్. జేబులోంచి తీయకుండానే పాట మార్చొచ్చు, పత్తి ఏరేటప్పుడు చేతులకు మట్టి ఉన్నా నడుస్తది. పాటలూ వీడియోలూ రెండూ కావాలంటే, కార్డు సందు, 3.5 మిల్లీమీటర్ల పిన్ను ఉన్న పాత ఆండ్రాయిడ్ ఫోన్‌ను మించింది ఆ ధరలో దొరకదు: సిమ్ తీసి, ఎయిర్‌ప్లేన్ మోడ్‌లో పెట్టి, వీఎల్‌సీ యాప్ వేసుకుంటే దాదాపు అన్నీ పాడుతుంది. బ్యాటరీ ఒకటి కొత్తది వేయించండి. ఎక్కువ డబ్బు పెట్టేవాళ్లకు సోనీ వాక్‌మన్, ఫియో, హైబై లాంటివి ఉన్నాయి, కానీ 128 కేబీపీఎస్ (సెకను శబ్దానికి వాడే డేటా లెక్క) పాటలకు వాటి అవసరం లేదు. ఆ పాటను 320కి మార్చినా పోయిన శబ్దం తిరిగి రాదు, సైజు మాత్రం పెరుగుతది. ఐపాడ్ టచ్‌ను యాపిల్ 2022 మేలో ఆపేసింది, కార్డు సందు దానికి ముందు నుంచీ లేదు. పాతది ఎవరైనా ఇస్తామన్నా బ్యాటరీ చూడకుండా తీసుకోవద్దు.

ఎంత జాగా కావాలో లెక్క ఇది. ఐదు నిమిషాల పాటకు 128 కేబీపీఎస్‌లో దాదాపు 5 ఎంబీ, 320లో 12 ఎంబీ, ఫ్లాక్‌లో 30 ఎంబీకి అటూ ఇటూ. రెండు గంటల కథ 64 కేబీపీఎస్ మోనోలో 60 ఎంబీ కూడా కాదు, మాటకు అంతకంటే ఎక్కువ అక్కర్లేదు. రెండున్నర గంటల సినిమాకు 480లో సుమారు ఒక జీబీ. పాటలకు, కథలకు 32 జీబీ చాలు. 64 జీబీ, ఆ పైన కార్డులు ఎక్స్‌ఫ్యాట్ అనే ఇంకో ఫార్మాట్‌తో వస్తాయి, ప్లేయర్ దాన్ని చదువుతుందో లేదో అడిగి తెలుసుకోవాలి. ఫ్యాట్32లో 4 జీబీ దాటిన ఒక్క ఫైలు పట్టదు. చౌక ప్లేయర్‌ను వైరుతో కలిపి కాపీ చేస్తే సెకనుకు 5 ఎంబీ దగ్గరే ఆగిపోతుంది, 32 జీబీ నిండడానికి గంటా ముప్పావు. కార్డు తీసి రీడర్‌లో పెట్టి ఎక్కించండి.

డబ్బా మీది బ్యాటరీ గంటలు తెర ఆర్పి పాటలు విన్న లెక్కే. ఐపాడ్ టచ్‌కు యాపిల్ చెప్పినవి పాటలకు 40 గంటలు, వీడియోకు 8: ఐదో వంతు. కాజీపేట నుంచి ఢిల్లీ దాకా దాదాపు ఒక రోజు ప్రయాణం, ఆ దారిలో సినిమాలు చూడాలంటే పవర్ బ్యాంక్ తప్పదు. రామగుండం, భూపాలపల్లి ఎండల్లో కారు డ్యాష్‌బోర్డు మీద పెట్టి చార్జింగ్ చేయకండి. లిథియం బ్యాటరీని 45 డిగ్రీలు దాటాక చార్జ్ చేయొద్దు. ప్లేయర్ వీపు ఉబ్బినట్టు అనిపిస్తే ఆ రోజే వాడటం ఆపేయాలి.

బతుకమ్మకు మైకుసెట్టు కలిపేటప్పుడు చార్జర్ వైరు తీసేయండి. మైకులో వచ్చే బుర్రుమనే మోత చాలాసార్లు చార్జర్ గుండా ఏర్పడే ఎర్త్ లూప్‌దే (ఎర్త్ దారి చుట్టు తిరిగి కలవడం). ప్లేయర్‌లో పెట్టే మైకుసెట్టు వైరు పిన్ను మీద రెండు నల్ల గీతలు ఉండాలి. ఒక్క గీత ఉన్న మోనో పిన్ను పెడితే ప్లేయర్ కుడి చానెల్ ఎర్త్‌కు కలిసిపోయి చెడిపోవచ్చు.

బిల్లు మీద మోడల్ నంబరు రాయించుకోండి. చార్జర్ మీద బీఐఎస్ (భారత ప్రమాణాల సంస్థ) గుర్తు, ఆర్‌తో మొదలయ్యే నంబరు ఉందో చూడండి. షాపు మాట మారిస్తే వినియోగదారుల హెల్ప్‌లైన్ 1915 ఉంది. కార్డు కూడా అక్కడే కొంటే, పాటలు ఎక్కించకముందు ఆ రాత్రే హెచ్2టెస్ట్‌డబ్ల్యూ అనే కార్డు పరీక్ష సాఫ్ట్‌వేర్‌తో మొత్తం నింపి చూడండి. నకిలీ కార్డు 64 అని చూపించి లోపల 8 జీబీ తర్వాత రాసిందంతా పోగొడుతుంది, పాట పేరు ఉంటది, నొక్కితే పాడదు. తప్పులు చూపిస్తే మరుసటి రోజే బిల్లుతో వెనక్కి ఇవ్వండి.